షహద్ పడిన సంగతి

జనవరి 4, శనివారం

ఈ అరబ్బుల ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకే ఈ పుస్తకాన్ని దాచను. మేడం ఒకసారి తిరగేసి, “అన్నీ ఉంగరాలే” అని నవ్వి నా దిండు మీద పడేసింది.

మేడం కూతురు షహద్‌కు బడి సెలవులు. రేపటి నుంచి గుర్రపు శిక్షణ. తబూక్ ఊరి బయట వాళ్ళ నాన్నకున్న పొలంలోనే, బాబా అంటాం ఆయన్ను. అమెరికా నుంచి టీచరమ్మను రప్పించారు. దీన్ని క్లినిక్ అంటారట. ఆసుపత్రికి కదా ఆ పేరు అంటే షహద్ పడీ పడీ నవ్వింది. పదిహేనేళ్ళు వచ్చినా నవ్వు మాత్రం ఆరేళ్ళప్పటిదే. ఈ ఇంట్లో నేను పనికి అడుగుపెట్టినప్పుడు దానికి ఆరేళ్ళు.

మేడానికి ఈ గుర్రాలంటే గిట్టదు. భర్త మాట కాదనలేక ఒప్పుకుంది. నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. “హెల్మెట్ తల మీద నుంచి దిగకూడదు మహబూబా. నువ్వు వెంట ఉంటేనే పంపుతున్నాను.”

“నేనుండగా మీకెందుకు భయం మేడం” అన్నాను.

జనవరి 5, ఆదివారం

చలి. స్వెట్టర్ మీద అబాయా, అబాయా మీద దుప్పటి కప్పుకుని కంచె పక్కన కూర్చున్నాను.

టీచరమ్మ పేరు డార్లా. అరవై దాటి ఉంటాయి. ముఖమంతా ఎండకు పగిలిన మడతలు. గుర్రమెక్కితే మాత్రం ముప్పై ఏళ్ళ మనిషే. నేర్చుకునేవాళ్ళు ఐదుగురు, అందరూ ఆడవాళ్ళు. షహదే చిన్నది. ఆవిడ ఇంగ్లీషు షహద్‌కు వస్తుంది. నాకు రాదు. డ్రైవరు ఇస్మాయిల్ అన్న పక్కన నిలబడి చెబుతుంటాడు. అన్నది ప్రొద్దుటూరు. యాన్బులో ఏళ్ళ తరబడి అమెరికా దొరల బండి నడిపాడు.

మొదట ఆవులు లేకుండా. పెద్ద గుండ్రం, చిన్న గుండ్రం, ఉన్నచోటనే గిరగిరా తిరగడం, దౌడు మీద నుంచి వెనక కాళ్ళు జారుస్తూ ఆగడం. ఇవన్నీ ఎందుకంటే, ఆఖర్న ఆవును విడుస్తారట. కంచె వెంట పరుగెత్తే ఆవును గుర్రం దాటుకుని ముందుకు పోయి, అడ్డం తిరిగి, వెనక్కి మళ్ళించాలి.

“మన ఊర్లో ఎనుముల్ని ఒక కట్టెతో మళ్ళిస్తాం గదన్నా” అన్నాను.

“గమ్మునుండు మ్మే. ఆ కట్టె పని నేర్పనీకే ఈయమ్మ ఇమానమెక్కి వచ్చిండేది.”

షహద్ గుర్రం ఇసుక రంగుది. పేరు రమ్లా. షహద్ పగ్గం ఊరికే లాగుతోందని డార్లా దగ్గరికొచ్చి దాని చెయ్యి పట్టుకుంది. “అది సరిగ్గా చేసిన క్షణంలో వదిలెయ్. ఆ వదలడం కోసమే అది నీ మాట వింటుంది” అందట. సాయంత్రానికి షహద్ చెయ్యి వదలడం నేర్చుకుంది. దూరం నుంచి చూసే నాకు కూడా తెలిసింది.

జనవరి 6, సోమవారం

పెద్దగా జరిగిందేమీ లేదు. గుర్రం దిగేటప్పుడు షహద్ కొంచెం తూలింది. ఇసుకే కాబట్టి ఏమీ కాలేదు. ఇంటికొచ్చి రెండు ఖర్జూరాలు తిని పడుకుంది.

ఇలా ఎందుకు రాస్తున్నాను? ఈ పుస్తకం చదివేదెవరని?

పడింది. దిగేటప్పుడు కాదు, దౌడులో పడింది.

పాఠం అయిపోయి అందరూ టీ తాగడానికి డేరాలోకి వెళ్ళారు. “ఒక్క చుట్టు ఖాలా, ఒక్కటే” అని షహద్ ఉండిపోయింది. నన్ను ఖాలా అనే పిలుస్తుంది, పిన్ని అన్నట్టు. డార్లా టోపీ కంచె స్తంభానికి తగిలించి ఉంది. షహద్ హెల్మెట్ తీసి నా చేతికిచ్చి ఆ టోపీ పెట్టుకుంది. “చూడు, డార్లాలా ఉన్నానా?” అంది. వద్దన్నాను. ఒక్కసారే అన్నాను. గట్టిగా అనలేదు. ఆ టోపీలో అది ముద్దుగా ఉంది. నేనూ నవ్వాను.

దౌడు తీసి ఆపింది. రమ్లా నేర్పినట్టే ఆగింది. షహద్ ఆగలేదు. గుర్రం మెడ మీదుగా వెళ్ళి కంచె అడుగు దుంగకు తల కొట్టుకుంది. నేను పరుగెత్తేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తోంది, నేనెవరో తెలియనట్టు. తరువాత తెలిసింది. “ఇవాళ ఏం వారం?” అని అడిగింది. సోమవారం అన్నాను. బట్టల ఇసుక దులుపుతుండగా మళ్ళీ అడిగింది.

“మమ్మీకి చెప్పకు ఖాలా. చెబితే రేపటి నుంచి పంపదు. బాబాతో గొడవపడుతుంది. నీ దగ్గర ఏమన్నా దాస్తానా నేను? చెప్పకు.”

సరే అన్నాను. చెవి వెనక చిన్న బొప్పి. నెత్తురు లేదు. నెత్తురు లేనప్పుడు ఏం కాదు. మా ఊళ్ళో పిల్లలు చింతచెట్ల మీద నుంచి పడి, లేచి, దులుపుకుని పోతారు.

జనవరి 7, మంగళవారం

పొద్దున టీలో చక్కెర వేసుకున్నాక మళ్ళీ చక్కెర వేసుకుంది. కారులో కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. దారిలో బండి ఆపించి వాంతి చేసుకుంది. పరగడుపున అంత తీపి టీ తాగితే ఎవరికైనా అవుతుంది.

గుర్రమెక్కింది గానీ గుండ్రం తప్పిపోతోంది. డార్లా ఆపి దాన్నేదో అడిగింది. షహద్ తల అడ్డంగా ఊపింది. డార్లా తృప్తి పడలేదు. కంచె దగ్గరికి, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

ఇస్మాయిల్ అన్న చెప్పాడు. “పిల్ల నిన్న ఏమన్నా కిందపడిందా, తలకేమన్నా తగిలిందా అని అడుగుతాండాది. నువ్వు దాని ఎమ్మటే ఉంటావు గదా, నీకు తెలిసుంటాది అంటాండాది.”

షహద్ జీను మీద నుంచి నన్నే చూస్తోంది.

“లేదు” అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. “రాత్రి నిద్ర పట్టలేదంట. ఆడోళ్ళ బాధ. ఆ మాట చెప్పు అన్నా” అన్నాను.

అన్న నేల చూపులు చూస్తూ ఇంగ్లీషులో చెప్పాడు. డార్లా కూడా ఆడమనిషే. ఆ మాట విన్నాక ఇంకేం అడుగుతుంది? నా భుజం తట్టింది. షహద్‌ను గుర్రం దించి, వేడి నీళ్ళ సీసా ఇచ్చి, డేరాలో పడుకోబెట్టింది. ఇవాళ ఆవులతో పని లేదంది.

మంచిదే అయింది. విశ్రాంతి దొరికింది. సాయంత్రానికి షహద్ బాగానే ఉంది. తలనొప్పి కొంచెమే అంది. రేపు ఇంకా నొప్పి అంటే మేడానికి చెబుతాను.

జనవరి 8, బుధవారం

నొప్పి లేదంది. నేనడిగాను. లేదనే చెప్పింది.

జనవరి 10, శుక్రవారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

బుధవారం డార్లా ముందు నెమ్మదిగానే చేయించింది. ఒక ఎర్ర కోడెను లోపలికి వదిలి, అది ఎటు కదిలితే అటు గుర్రాన్ని అడ్డం పెట్టమంది. రమ్లా చెవులు ముందుకు వంచి పిల్లిలా కదిలింది. షహద్ ముఖం వెలిగిపోయింది. రియాద్ నుంచి నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చూశావా, ఏం కాలేదు అని నాలో నేను అనుకున్నాను.

తరువాత కంచె వెంట మళ్ళించే పని. కోడె పరుగందుకుంది. షహద్ వెంబడించింది. డార్లా చెయ్యెత్తి “నెమ్మది, నెమ్మది” అని అరిచింది. ఆ ముక్క నాకూ అర్థమైంది. రమ్లా కోడెను దాటి, కంచె వైపు తిరిగింది. షహద్ తిరగలేదు. నిద్రపోయినదానిలా కూర్చుని, గుర్రం తిరిగిన తరువాత కూడా ముందుకే పోయింది. హెల్మెట్ కంచె ఇనుప గొట్టానికి తగిలిన చప్పుడు వచ్చింది. ఆ తరువాత ఇసుకలో చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయి.

డార్లా దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల కదలకుండా పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉంది. నేను దూరంగా నిలబడ్డాను. 

తలలో నెత్తురు గడ్డ కట్టిందన్నారు. ఆపరేషన్ చేసి తీశారు. ఇంకా లేవలేదు. మందులతో వాళ్ళే నిద్రపుచ్చి ఉంచారట.

జనవరి 11

మేడం ఆసుపత్రిలోనే ఉంది. నేను బట్టలూ కాఫీ ఫ్లాస్కూ తీసుకుని వెళ్ళాను. నన్ను చూడగానే మెడ మీద వాలి ఏడ్చింది. “నీకెంత బాధగా ఉందో నాకు తెలుసు మహబూబా. దాన్ని నువ్వు కూడా పెంచావు” అంది.

బాబా డార్లా మీద ఫిర్యాదు ఇచ్చాడు. తయారుగా లేని పిల్లను ఆవు మీదికి తోలిందని. విచారణ అయ్యేవరకు ఆమె దేశం విడిచి వెళ్ళకూడదట.

ఒక రకంగా చూస్తే డార్లా తప్పు కూడా ఉంది. అన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి. నేనేదో అన్నానని నమ్మడమేనా? ఇంకోసారి అడిగి ఉండాల్సింది.

జనవరి 12, ఆదివారం

డార్లా తప్పని పైన రాసిన వాక్యాలు కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయను. అలాగే ఉండనీ.

కారులో ఇస్మాయిల్ అన్న అద్దంలోంచి నన్ను చూస్తూ వచ్చాడు. సిగ్నల్ దగ్గర అడిగాడు.

“నిజం చెప్పు మ్మే. పిల్ల అంతకుముందే పడిందా?”

చెప్పాను.

సిగ్నల్ పచ్చబడినా అన్న బండి తీయలేదు. “అల్లా… నా నోటితోనే గదా చెప్పిస్తివి” అన్నాడు.

“ఆ టీచరమ్మను పోలీసులు పిలుస్తాండారంట. నేను మేడానికి చెప్తాను అన్నా.”

“చూడు, ఆయమ్మ అమెరికా మనిషి. వాళ్ళ ఎంబసీ ఉండాది, చూసుకుంటాది. మనకెవరుండారు? ఆమె అడిగింది, నువ్వు లేదంటివి, నేను అదే చెప్తి. ఇప్పుడు మార్చి చెప్తే ఇద్దురి మీదికీ వస్తాది. ఖురూజ్ ముద్ర కొట్టి, మళ్ళా రాకుండా ఇంటికి పంపిస్తే అదృష్టమే. కేసు పెడితే ఏం జేస్తావు?”

“మరి ఆమె?”

“నోరు మూసుకోని గమ్మునుండు. పిల్ల లేస్తే అంతా సర్దుకుంటాది.”

అన్న తిట్టలేదు. బతిమాలుతున్నట్టే చెప్పాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

జనవరి 13

డాక్టరు వచ్చాడు. మేడం, నేను గదిలో ఉన్నాం. “ఈ ప్రమాదానికి ముందు రోజుల్లో తలకు ఇంకో దెబ్బేమైనా తగిలిందా? మాకు తెలియాలి” అన్నాడు.

“లేదు డాక్టర్. మహబూబా ఎప్పుడూ దాని వెంటే ఉంటుంది. తన కన్ను దాటి ఏదీ పోదు” అంది మేడం.

డాక్టరు నా వైపు చూశాడు. నేను ఫ్లాస్కు మూత బిగిస్తున్నాను. బిగిసిన మూతనే మళ్ళీ మళ్ళీ బిగించాను.

ఆయన వెళ్ళిపోయాడు.

జనవరి 14

ఎందుకు చెప్పలేదని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పిల్ల మాట తీసెయ్యలేక అంటున్నాను. తల్లీదండ్రీ పోట్లాడుకుంటారని అంటున్నాను. ఉద్యోగం పోతుందని అంటున్నాను. అన్నీ కొంత కొంత నిజమే. పూర్తి నిజం వేరు.

వాళ్ళమ్మకు చెప్పని మాట నాకు చెప్పింది. ఇసుకలో కూర్చుని నా చెయ్యి పట్టుకుని, చెప్పకు ఖాలా అంది. ఆ క్షణంలో నాకు భయం కంటే ముందు సంతోషం కలిగింది. మేడం కన్న పిల్ల నా పిల్లయిందన్న సంతోషం. మరునాడు అది వెలుతురు చూడలేక, వాంతి చేసుకుంటున్నా, ఆ సంతోషం పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది.

రాశాను. 

జనవరి 15, బుధవారం

మధ్యాహ్నం టీ కోసం కిందికి వెళ్ళాను. గేటు పక్కన బెంచీ మీద డార్లా. రోజూ వస్తోందట. మేడం లోపలికి రానివ్వదు. ఎండలో కూర్చుని, లోపలికీ బయటికీ పోయే నర్సులను ‘షహద్?’ అని అడుగుతుందట.

నన్ను చూసి లేచింది. రెండు చేతులూ పట్టుకుంది. గరుకు చేతులు. ఇంగ్లీషులో ఏదో చెప్పబోయి, నాకు రాదని గుర్తొచ్చి, ఫోన్ తీసి దానితో మాట్లాడింది. ఫోను ఆడగొంతుతో, ఉర్దూలో, ఎంతో మర్యాదగా చెప్పింది.

“నన్ను క్షమించండి. ఆ రోజు మిమ్మల్ని అడిగి ఊరుకున్నాను. నేనే ఆ పిల్ల కళ్ళు చూసి ఉండాల్సింది. మీరు దాన్ని ఎంత ప్రేమిస్తారో నాకు తెలుసు. మీ పిల్లను నేను కాపాడలేకపోయాను.”

తరువాత ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది. నన్ను మాట్లాడమని.

 కాసేపటికి ఫోనే అంది. “ఏమీ వినిపించలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి.”

చేతులు విడిపించుకుని మెట్లెక్కాను. లిఫ్టు కోసం ఆగితే మళ్ళీ ధైర్యం చాలదని మెట్ల మీదుగానే ఎక్కాను.

మేడం నమాజు చాప మడుస్తోంది. “మేడం, షహద్ సోమవారం కూడా పడింది” అన్నాను. నిలబడే అన్నాను.

మేడం చాప మడవడం ఆపింది. “ఏ సోమవారం?”

“క్లినిక్ రెండో రోజు. పాఠం అయిపోయాక. తల దుంగకు తగిలింది.”

“హెల్మెట్?”

“నా చేతిలో ఉంది.”

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. మేడం మంచం పట్టీ పట్టుకుని నిలబడింది.

“మంగళవారం టీచరమ్మ నన్ను అడిగింది. పడలేదని చెప్పాను. ఇస్మాయిల్‌కు ఏమీ తెలియదు. నేనన్న మాటే ఆమెకు చెప్పాడు. మొన్న డాక్టరు అడిగినప్పుడు కూడా నేను నోరు తెరవలేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“షహద్ వద్దంది.”

మేడం నా వైపు తిరిగింది. “అది నీకు చెప్పింది” అంది. “నాకు చెప్పొద్దని, నీకు చెప్పింది.” ఆ మాటనే ఇంకోసారి, ఇంకా చిన్న గొంతుతో అంది. కోపం కాదది. నేను దొంగిలించిన వస్తువు ఏమిటో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

తరువాత డాక్టరును పిలవడానికి వరండాలోకి పరుగెత్తింది. చెప్పులు గదిలోనే ఉండిపోయాయి.

జనవరి 18

పోలీసాయన పొలానికి పిలిపించి రాయించుకున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. బాబా డార్లా మీది ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. నా మీద ఇస్తానన్నాడట. మేడం వద్దందట. “పంపించెయ్, చాలు” అందట. ఇస్మాయిల్ అన్న చెప్పాడు ఇదంతా. ఆ తరువాత కారు అద్దం నా ముఖం కనబడకుండా తిప్పేశాడు. ఆయన్ను ఏమీ అనలేదు వాళ్ళు.

జనవరి 19

డార్లా వెళ్ళిపోయింది. నాకేమీ చెప్పి పంపలేదు. చెప్పి పంపుతుందని నేనెందుకు ఎదురుచూశాను?

జనవరి 22

షహద్ కళ్ళు తెరిచింది. వాళ్ళమ్మను గుర్తుపట్టింది. అల్హందులిల్లా. అల్హందులిల్లా. అల్హందులిల్లా.

నన్ను ఆసుపత్రికి రావద్దన్నారు. వంటింట్లో కూర్చుని దానికి ఇష్టమైన పప్పు సూపు చేశాను. మేడం చెల్లెలు వచ్చి గిన్నె తీసుకుపోయింది. ఎవరు చేశారని చెప్పిందో తెలియదు.

ఫిబ్రవరి 6

ఇంటికి తెచ్చారు. తల మీద జుట్టు తీసేశారు, ఒక పక్క కుట్లు. ఎడమ చెయ్యి గ్లాసు పట్టుకోలేదు. మాట వస్తోంది గానీ వెతుక్కుంటూ వస్తోంది. ఆ వారం రోజులు దానికి గుర్తులేవు. నాతో క్లినిక్ పేరు గురించి నవ్విన రాత్రి వరకే గుర్తుందట. అక్కడి నుంచి ఆసుపత్రి పైకప్పు.

తలుపు సందులోంచి చూశాను. నడవడం చూశాను. గోడ పట్టుకుని.

ఫిబ్రవరి 10, సోమవారం

రియాద్ విమానాశ్రయంలో రాస్తున్నాను. ఇక్కడి నుంచి హైదరాబాదు. ఖురూజ్ ముద్ర పడింది.

పొద్దున సామాను సర్దుకుంటుంటే మేడం నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. “నిన్ను అడుగుతోంది. తలుపు తెరిచే ఉంచు” అని పక్కకు జరిగింది. ఆ మాత్రం దయ కూడా నేను ఆశించలేదు.

షహద్ కిటికీ పక్క కుర్చీలో ఉంది. తలకు ఉన్ని టోపీ. నేను కింద, తివాచీ మీద కూర్చున్నాను. 

“రమ్లా… బాగుందా?” అంది.

“బాగుంది. దానికేం కాలేదు.”

“వాళ్ళు చెప్పారు నాకు. నేను పడ్డానని. రెండు సార్లు.” మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది. నేను మాట అందివ్వలేదు. అందిస్తే దానికి కోపం వస్తోందని మేడం చెల్లెలు చెప్పింది. “నాకేం గుర్తులేదు. నిజం చెప్పు ఖాలా. చెప్పొద్దని… నేనే అడిగానా?”

లేదని చెప్పాలనిపించింది. నువ్వేమీ అడగలేదు, నేనే భయపడి దాచాను అంటే పిల్ల మనసు తేలికపడుతుంది. ఎలాగూ నేను వెళ్ళిపోతున్నాను. నోటి దాకా వచ్చింది. కానీ ఈ పిల్లతో ఇంకో అబద్ధం ఆడలేకపోయాను.

“అడిగావు బంగారూ” అన్నాను. “నువ్వు పిల్లవి, అడుగుతావు. చెప్పాల్సింది నేను.”

షహద్ కిటికీ వైపు చూసింది.

“చెప్పి ఉంటే… నీ మీద చాలా కోపం వచ్చేది నాకు.”

“తెలుసు. నీ కోపానికే భయపడ్డాను. నాతో మాట్లాడవేమోనని.”

అది నా వైపు తిరిగింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కనుబొమ్మలు ముడిచింది. మాట దొరకడానికి చాలాసేపు పట్టింది.

“కోపం… రెండు రోజులు” అంది. “మహా అయితే మూడు. అంతే ఖాలా.”